తడవకూడని కట్టు

ఇవాళ పొద్దున్న గురజాల బజార్లో ఎక్సిలేటర్ తొక్కగానే నా బాడుగ కారు మళ్ళీ ఎడమకు లాగి గొర్రెల మంద మీదికి పోయింది. కాపరి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. టైర్లలో గాలి చూశాను, స్టీరింగు బిగించాను, ఏమీ మారలేదు.

చివరికి మెకానిక్ మస్తాన్ భాయ్‌ని పిలిచాను. ఆయన తన కిళ్ళీ సున్నంతో వెనక స్ప్రింగు పట్టీ మీద, ఇరుసు పక్కన గీత గీసి, కారు ఉరికించమన్నాడు. ఆపి చూస్తే ఇరుసు గీత దాటి ముందుకు జరిగింది. ఎడమ స్ప్రింగును ఇరుసుకు పట్టి ఉంచే బోల్టు విరిగిందట.

"కొత్తది దొరకదా భాయ్?"

"యుద్ధం చేసేవోళ్ళనడుగు, ఇనుమంతా వాళ్ళకే పోతంది. మదరాసులోనే లేవంట."

పచ్చితోలు పట్టీ నానబెట్టి, ఇరుసునీ స్ప్రింగునీ కలిపి గట్టిగా కట్టాడు. "ఎండేకొద్దీ ఇనుములాగా బిగుసుకుద్ది. తడవనీబాక, వదులైపోద్ది" అన్నాడు.

సాయంత్రానికి కారు తిన్నగా నడిచింది. ఆ సంతోషం మరియమ్మ పిన్ని గడప దాకానే. కడుపులో గడ్డతో ఉన్న ఆమెను రేపు గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఎడ్లబండి కుదుపులకు ఆమె తట్టుకోలేదు.

"గుంటూరు దారి వాగులో నీళ్ళు మోకాలి దాకా ఉన్నయ్యంట. పోతామా అబ్బాయ్?" అంది, చీరలు మూట కట్టుకుంటూ.

వాగు సంగతి నాకు అప్పుడుగాని గుర్తు రాలేదు.

"పోతాం పిన్నీ" అన్నాను. ఇంకేమనమంటారు? తోలుకట్టు తడవకుండా వాగు దాటే ఉపాయం తెలిసినవాళ్ళుంటే తెల్లారేలోగా చెప్పండి. మస్తాన్ భాయ్‌ని అడగమని మాత్రం అనకండి. అడిగే వచ్చాను.