నతానియేలు జాన

నంద్యాలలో బేల్దారి నతానియేలుకు ఒక గొప్ప ఉండేది. తాపీ పట్టిన నాటి నుంచి టేపు ముట్టుకోలేదు. కుడిచెయ్యి చాచి జానలు వేస్తే అదే కొలత. డెబ్బై ఆరులో ఆళ్లగడ్డలో నాపరాయి మీద పడి ఆ చేతి చిటికెనవేలు పోయింది. “వేలు పోయింది గానీ కొలత పోలేదు,” అని అడగని వాళ్లకు కూడా చెప్పేవాడు. లోపల మాత్రం భయమే. టేపు పట్టుకున్న రోజున ‘నతానియేలు చెయ్యి అయిపోయింది’ అంటారు. ఆ మాట పడటం కన్నా ఇంకో వేలు పోవడం నయమనుకున్నాడు.

ఎనభై నాలుగు డిసెంబరులో లూదియా టీచరు కబురు పెట్టింది. ఆమె వంటింట్లో కట్టెల పొయ్యికి పైన, గోడగూట్లో బిగించిన రేకు పెట్టె ఉంది. పొయ్యి సెగకు అందులో కేకు పొంగుతుంది. దాని పైరేకు తుప్పు పట్టి, పోయిన క్రిస్మస్‌కు కేకులోకి మసి పెళ్లలు రాలాయి. పాస్టరు గారు వాటిని ఎండుద్రాక్ష అనుకుని మెచ్చుకుంటూ తిన్నారు. టీచరమ్మకు ఏడాదంతా ఆ సిగ్గు తీరలేదు.

పాత పెట్టె పీకుతుంటేనే ముక్కలైంది. “ఇదో నా స్కేలు, గూడు కొలుచుకో నతానియేలన్నా,” అంది లూదియా.

“స్కేలు పిల్లోళ్లకు టీచరమ్మా. నాకెందుకు?” అని గూట్లో కుడిచేత్తో కొలిచాడు. వెడల్పు సరిగ్గా మూడు జానలు.

మర్నాడు బస్సెక్కి ఆళ్లగడ్డలో రేకుల పని చేసే మద్దిలేటి దగ్గరికి పోయాడు. పాత స్నేహం. మద్దిలేటి వేడి వేడి టీ తెప్పించాడు. గ్లాసు కుడిచేతిలో ఉండిపోయింది. నతానియేలు ఎడమచేత్తోనే రేకు మీద మూడు జానలు వేశాడు, మద్దిలేటి మేకుతో గీత గీశాడు. చేతులు మారిన సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఇరవై మూడో తేదీ పొద్దున పెట్టె వచ్చింది. లూదియా గుడ్లు గిలక్కొట్టి, పిండి కలిపి సిద్ధంగా ఉంది. పెట్టె గూట్లో దూరలేదు. అడ్డంగా తోశాడు, వాల్చి తోశాడు, చివరికి భుజం పెట్టాడు. పెట్టెను కుడిచేత్తో కొలిస్తే మూడు జానల మీద నాలుగు వేళ్లు తేలింది.

“మద్దిలేటి కండ్లు మూసుకోని కోసినాడమ్మా!”

“కొలత పెట్టింది నువ్వే గదన్నా. ఏ చేత్తో పెట్టినావు?”

నతానియేలుకు టీ గ్లాసు గుర్తొచ్చింది.

“రెండు చేతులూ గోడ మీద పెట్టు,” అంది లూదియా. పెట్టాడు. ఎనిమిదేళ్లలో వాటిని పక్కపక్కన చూసుకోవడం అదే మొదలు. కుడి జాన ఎడమ జానకు అందడం లేదు.

“నా చెయ్యి అయిపోయింది టీచరమ్మా,” అన్నాడు. ఎవరి నోట వినకూడదని ఇన్నేళ్లు కాచుకున్న మాట తన నోటే వచ్చింది.

లూదియా గిన్నె పక్కన పెట్టింది. “ఏమీ కాలే. గూడే చిన్నది. తొందరగా గూటి పక్క గోడ కొట్టు, ఈసారి ఇంకో కేకు పడ్తాది.”

సాయంత్రానికి గూడు పెరిగింది, పెట్టె కూర్చుంది. పండుగనాడు పాస్టరు గారు కేకు తిని, “ఈసారి ఎండుద్రాక్ష తగ్గించినట్టుండావే,” అన్నారు.

సంక్రాంతి వెళ్లాక నతానియేలు ఆళ్లగడ్డకు పనికి పోయాడు. చొక్కా జేబులో కొత్త టేపు చూసి మద్దిలేటి నోరు తెరిచాడు. “ఏందప్పా, నీకు టేపా?”

“నాకు కాదులే,” అన్నాడు నతానియేలు. “ఈ ఎడమ చెయ్యికి. దానికింకా పని రాలే.”