ఎక్స్‌పీరియన్స్ దగ్గర 'నిల్'

ఇప్పుడు గోదాములో నా టేబుల్ మీదికి రెజ్యూమె వస్తే నేను పైనుంచి చదవను. పేరు, ఫోటో, కెరీర్ ఆబ్జెక్టివ్ అన్నీ దాటేసి తిన్నగా ఎక్స్‌పీరియన్స్ దగ్గరికి పోతాను. అక్కడ 'నిల్' అని కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొన్న ఏటూరునాగారం వైపు నుంచి ఒకతను లోడింగ్ సూపర్‌వైజర్ ఉద్యోగానికి వచ్చాడు. నిల్ అని రాసుకొచ్చాడు. అడగ్గా అడగ్గా తేలిందేమిటంటే, ఎనిమిదేళ్లుగా వాళ్ల ఊరి మిర్చి బస్తాలన్నీ లారీకెక్కించి వరంగల్ మార్కెట్లో దింపిస్తున్నది అతనేనట.

"అది మా మేనమామ లారీ మేడం. జాబ్ గాదు," అన్నాడు.

ఆ కాగితం అతని చేతికే తిరిగిచ్చి, బయట బెంచీ మీద కూర్చుని ఆ ఎనిమిదేళ్లూ రాసుకుని రమ్మన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చూస్తే చూశాడు. నా మొదటి రెజ్యూమె అతను చూడలేదు కదా.

అది నా ముప్పై తొమ్మిదో ఏట తయారైంది. అందులో నన్ను 'డైనమిక్ ఫ్రెషర్' అన్నారు. అప్పటికి నా కూతురు డిగ్రీలో చేరింది.

మా అత్తగారి వాళ్లకు వరంగల్ బజారులో దుకాణం ఉండేది. గోనె సంచులు, తాళ్లు, టార్పాలిన్ పట్టాలు అమ్మేవాళ్లం. పత్తి అయినా, వడ్లు అయినా, మిర్చి అయినా, పంట ఇంటికొచ్చే వేళకు రైతు మా మెట్లు ఎక్కాల్సిందే. నేను బీకాం చదివి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. పాప బడికి పోవడం మొదలుపెట్టాక మా మామయ్య ఒకరోజు, "ఇంట్ల ఒక్కదానివి ఏం జేస్తవ్ బిడ్డా, అట్లొచ్చి దుకాణంల కూసో," అన్నాడు. వెళ్లి కూర్చున్నాను. పదిహేనేళ్లు కూర్చున్నాను.

మా ఇళ్లలో సొంత దుకాణంలో చేసేదాన్ని పని అనరు, కూర్చోవడం అంటారు. నిచ్చెన ఎక్కి పైవరస తాడు చుట్టలు దించడం కూర్చోవడమే. తడిసిన సరుకు తెచ్చిన లారీ డ్రైవరుతో నడిరోడ్డు మీద గొడవ పడటం కూర్చోవడమే. ఆకాశంలో మబ్బు పట్టిందంటే నలభై మంది ఒక్కసారి మీద పడతారు. ఎవరికి ఎంత పొడవు పట్టా కావాలో వాళ్ల కల్లం కొలత అడిగి కోసి ఇవ్వాలి. ఆ రోజుల్లో అన్నం తినడానికి కూడా కూర్చునేదాన్ని కాదు. అయినా చుట్టాలెవరైనా అడిగితే మా అత్తమ్మ, "కోడలా? దుకాణంల కూసుంటది," అనేది. నేనూ అదే చెప్పేదాన్ని.

మామయ్య మోకాళ్లు అరిగిపోయాయి. ఒక ఆదివారం భోజనాల దగ్గర మా ఆయనతో, "వచ్చే నెల దుకాణం బంద్ పెడుతున్న," అన్నాడు. మా ఆయనది గవర్నమెంటు ఉద్యోగం. గోనెసంచి వాసనకే తుమ్ములొస్తాయి ఆయనకు. "మంచిదే నాయినా," అన్నాడు. అప్పుడు నేను పక్కనే నిలబడి పప్పు వడ్డిస్తున్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. ఇంకో గరిటె పప్పు వేసి వంటింట్లోకి పోయాను.

దుకాణం మూతపడ్డాక మూడు నెలలు మా ఇంట్లోవాళ్లు నాతో నరకం చూశారు. వంటింట్లో డబ్బాలన్నిటికీ చీటీలు అంటించాను. కందిపప్పు ఎన్ని రోజులకు అయిపోతుందో గోడ మీద రాశాను. కూరగాయల బండి అతనికి టమాటాలు ఎలా పేర్చాలో చూపించాను. అతను మా గల్లీకి రావడమే మానేశాడు. మా ఆయన, "జర రెస్ట్ తీసుకోరాదూ," అన్నాడు. రెస్టు! పొద్దున తొమ్మిదయ్యేసరికి కాళ్లు వాటంతటవే గుమ్మం వైపు పోయేవి. పోవడానికి చోటు లేదు. స్నానాల గదిలో నల్లా విప్పుకుని ఏడ్చిన రోజులున్నాయి. నాకు ఉద్యోగం కావాలి. జీతం కంటే ముందు, పొద్దున పోవడానికి ఒక చోటు కావాలి.

అప్పుడు పేపర్లో ప్రకటన చూశాను. పట్టాలు, డ్రిప్పు పైపులు, గోనె సంచులు జిల్లాలకు పంపే కంపెనీ ఒకటి హనుమకొండ అవతల గోదాము తెరుస్తోంది. స్టోర్ ఇన్‌ఛార్జి కావాలట. ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాను. రెజ్యూమెతో రమ్మన్నారు.

హనుమకొండ బస్టాండు దగ్గరి గల్లీలో ఒక జిరాక్స్ సెంటర్ ఉంది. కాలేజీ పిల్లలందరికీ రెజ్యూమెలు చేసిపెట్టేది ఆ ఒక్క మనిషే. అందరికీ ఒకటే ఫార్మాట్. అంతకు ముందు వచ్చిన వాళ్ల ఫైలు తెరిచి, వాళ్ల పేరు చెరిపి మన పేరు కొడతాడు. పెళ్లిపత్రికలు కూడా అలాగే చేస్తాడని తరువాత తెలిసింది.

"అక్కా, ఎక్స్‌పీరియన్స్ ఏం బెట్టాలె?" అన్నాడు కీబోర్డు మీంచి తల ఎత్తకుండా.

"ఎక్కడ జెయ్యలే తమ్మీ. మా దుకాణంల కూసున్న, అంతే."

"సొంత దుకాణమా? అది లెక్కకు రాదక్కా. నిల్ కొడతాన్న."

కొట్టు అన్నాను. నేనే అన్నాను. అతన్ని అనడానికేం లేదు. పైన నాలుగు వరుసల ఇంగ్లిషు ఉంది. 'చాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్‌లో నా స్కిల్స్‌ను' ఏదో చేస్తానని ఉంది. ఏం చేస్తానో నాకూ తెలియదు, కొట్టినతనికీ తెలియదు. చదవకుండానే కింద సంతకం పెట్టాను. పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేసిన చోటే పెట్టాను.

గోదాము ఇంటర్వ్యూకు ఇంకా పది రోజులున్నాయి. ఈలోగా చేయి తిరుగుతుంది కదా అని రెండు చోట్లకు వెళ్లాను. ఒక బట్టల షోరూములో సూటు వేసుకున్న అబ్బాయి, "ఫ్రెషర్సుకు ఏజ్ లిమిట్ ఉందాంటీ," అన్నాడు. ఆంటీ అన్నందుకు వచ్చిన కోపంలో ఏజ్ లిమిట్ సంగతి మర్చిపోయాను. ఒక ప్రైవేటు దవాఖానలో రిసెప్షన్ ఉద్యోగానికి వెళితే పెద్దాయన కాగితం చదివి, కళ్లజోడు సర్ది, మళ్లీ చదివాడు.

"హాబీలు, ప్లేయింగ్ క్రికెట్ అని ఉందమ్మా. ఆడతారా?"

నా ముందు రెజ్యూమె చేయించుకున్న పిల్లవాడి క్రికెట్టు నాకు అంటుకుందన్నమాట. వెనక్కి తగ్గే మనిషిని కాను. "ఆడుడు తగ్గించిన సార్, ఇప్పుడు సూసుడే," అన్నాను. ఆయన నవ్వాడు. ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. అందుకే చెబుతున్నాను, రెజ్యూమెను ఇంకొకరు కొట్టినా సరే, ఇంటికి తెచ్చుకుని అక్షరం అక్షరం చదువుకోండి. మీరు ఆడని ఆట అందులో ఉండకూడదు. మీరు చేసిన పని అందులో లేకుండా పోకూడదు. మొదటిది నవ్వులపాలు చేస్తుంది, అంతే. రెండోదానితో అసలుకే మోసం.

ఇది నాకు ఆ రోజు తెలియదు. ఇంటికొచ్చి కాగితాన్ని మంచం మీద పడేశాను. మామయ్య అడిగితే చదివి, తెలుగులో చెప్పాను. ఎక్స్‌పీరియన్స్ నిల్ అంటే ఏందని అడిగాడు. ఏ పనీ చెయ్యలేదని అర్థం అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "ఏ పని జెయ్యలేదా? మరి గా పదిహేనేండ్లు నా దుకాణంల ఎవరున్నరు?"

"అది మన దుకాణం గదా మామయ్యా. లెక్కకు రాదట."

"ఎవడన్నడు రాదని?"

జిరాక్స్ అతను అన్నాడని చెప్పలేకపోయాను. ఆ మోకాళ్లతో హనుమకొండకు బయలుదేరినా బయలుదేరతాడు. ఆ పూట ఆయన అన్నం సరిగా తినలేదు. ఇంటర్వ్యూ రోజు పొద్దున నేను చెప్పులేసుకుంటుంటే ఒక కవరు తెచ్చి ఇచ్చాడు. గమ్ముతో నాలుగు వైపులా అంటించి ఉంది. పైన 'మేనేజర్ గారికి' అని రాసి, మూసేసిన మా దుకాణం స్టాంపు గుద్ది ఉంది.

"ఇది గూడ వెట్టు. నువ్వు ఇప్పకు," అన్నాడు.

గోదాములో ఇంటర్వ్యూ చేసిన మేడం నాకంటే పదేళ్లు చిన్నది. మర్యాదగానే మాట్లాడింది. కాగితం చూసి, "థర్టీ నైన్, ఫ్రెషర్ అని ఉంది. ఇన్నేళ్లు ఏం చేశారండీ?" అని అడిగింది. అప్పటికీ నాకు బుద్ధి రాలేదు. "ఇంటి దగ్గరే మేడం. మాదొక దుకాణం ఉండె, అండ్ల కూసునేదాన్ని," అన్నాను. ఆమె తల ఊపి ఫైలు మూయబోయింది. పట్టాల వాసన గోదాము నుంచి గదిలోకి వస్తోంది. నాకు తెలిసిన పని ఉన్న ఉద్యోగం ఇదొక్కటే, ఇది కూడా పోతోందని అర్థమైంది. చేతిలో కవరు ఉందని అప్పుడు గుర్తొచ్చి, ముందుకు తోశాను.

ఆమె దాన్ని విప్పడానికి స్కేలు వాడాల్సి వచ్చింది. లోపలి కాగితం చూసి ఇబ్బందిగా నవ్వింది. "నేను ఇంగ్లిష్ మీడియం అండీ. తెలుగు చదవడం చాలా స్లో. మీరే చదివి వినిపిస్తారా?"

అలా, నా గురించి రాసిన ఉత్తరాన్ని నేనే పైకి చదివాను. మామయ్య కాగితం మీద పెన్ను పెట్టాడంటే పాతకాలం భాష వచ్చేస్తుంది.

"మేనేజర్ గారికి నమస్కారము. ఈమె నా కోడలు. పదిహేను సంవత్సరములు నా దుకాణములో పని చేసినది. కూర్చున్నాను అని చెప్పును, నమ్మవద్దు. కూర్చున్నది నేను. పట్టాను వేళ్లతో పట్టుకొని మందము చెప్పగలదు. రైతుకు పది గజములు చాలునంటే పదే ఇచ్చును, పన్నెండు అంటగట్టదు. ఈ విషయములో నాకూ ఆమెకూ చాలాసార్లు తగవు అయినది. ఆ రైతులే మరుసటి ఏడు ఆమెను అడుగుతూ వచ్చినారు. వానలకు ముందే సరుకు తెప్పించును. కోపము ఎక్కువ. లారీ డ్రైవర్లు ఆమెకు జడిసి సరుకు తడవకుండా తెచ్చెదరు."

మేడం చేయి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "నిజంగా కోపం ఎక్కువా?"

"సరుకు తడిస్తేనే మేడం," అన్నాను.

"చదవండి, ఇంకేదో ఉంది."

ఇంకా మూడు వరుసలున్నాయి. చదివాను. "పని ఎందుకు మానినది అని మీరు అడిగెదరు. ఆమె మానలేదు. దుకాణము నేను బంద్ చేసినాను. ఆమెను అడుగలేదు."

చివరి మాట చదివి కాగితాన్ని బల్ల మీద పెట్టేశాను. మేడం నీళ్ల గ్లాసు నా వైపు జరిపి, తను కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పదిహేనేళ్లలో ఆయన నన్ను ఒక్కసారి కూడా బాగా చేశావని అనలేదు. మా వైపు పెద్దవాళ్లు కోడల్ని ముఖం మీద మెచ్చుకోరు. అందుకే నాలుగు వైపులా గమ్ము పెట్టాడు. దాన్ని నా నోటితోనే చదివిస్తారని పాపం అనుకుని ఉండడు.

తరువాత మేడం నన్ను గోదాములోకి తీసుకుపోయింది. రెండు గంటలు తిరిగాం. సోమవారం నుంచి రమ్మంది.

ఇంటికి వచ్చేసరికి మామయ్య వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు.

"ఏమన్నరు బిడ్డా?"

"సోమారం సంది రమ్మన్నరు."

"లెటర్ సదివిండ్రా?"

"నాతోనే సదివిచ్చిండ్రు."

ఆయన చేయి మోకాలి మీద ఆగిపోయింది. నేను చెప్పులు కూడా విప్పలేదు. మూడు నెలలుగా గొంతులో ఉన్నది బయటకు వచ్చేసింది. "ఎందుకు అడుగలే మామయ్యా? అడిగితే నేను నడిపేదాన్ని గదా."

"నడుపుతవని ఎరుకే. అందుకే అడుగలే." ఆయన నా వైపు చూడలేదు. "నేను లేకుంట గా దుకాణం మంచిగ నడుస్తాంటే, గీ కుర్చీల కూసోని సూసుడు నాతోని కాలే బిడ్డా."

చాలా కోపం వచ్చింది. ఆ మాటే ఆయనతో అన్నాను, గట్టిగానే అన్నాను. ఆ రాత్రి అన్నం వడ్డించాను కానీ మాట్లాడలేదు. ఆదివారం కూడా మాట్లాడలేదు. ఇప్పటికీ పూర్తిగా మరిచిపోయానని చెప్పను.

సోమవారం పొద్దున నేను డబ్బా సర్దుకుని బయటికొచ్చేసరికి ఆయన చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. వద్దన్నా వినకుండా ఆ మోకాళ్లతో మెయిన్ రోడ్డు దాకా నా వెంట నడిచొచ్చాడు. ఆటోను చెయ్యెత్తి ఆపాడు. డ్రైవరు వైపు వంగి, "జల్ది తీస్కపో బిడ్డా, మా కోడలు పనికి పోతాంది," అన్నాడు.