పోగులేసిన గంప

మా వాడలో సోమవారమంటే అంగడి, అంగడంటే మా అవ్వ. అమ్మను మేం అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. గొప్పకు చెప్పడం లేదు, మా వాడ ఆడవాళ్లలో ఎవరిని అడిగినా ఇదే చెప్పేవారు. పొద్దు వాలేదాకా తిరిగి, అమ్మేవాళ్లు ఇక గంపలు ఎత్తుదామనుకునే వేళకు అవ్వ వాళ్ల ముందు కూర్చునేది. వంకాయను అరచేతిలో తిప్పి చూసి, పెదవి విరిచి, లేచి రెండడుగులు వేసి, వాళ్లతోనే వెనక్కి పిలిపించుకునేది. బేరం తెగాక కొసరు. కొత్తిమీరకు, కరివేపాకుకు, పచ్చిమిరపకాయలకు మా ఇంట్లో పైసా పెట్టి ఎరగం. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అనే సామెత మా అవ్వను చూసే పుట్టిందని పక్కింటి చిన్నమ్మ ఎగతాళి చేసేది.

ఇది ఎనభైల మొదట్లో మాట. మాది కరీంనగర్‌కు బస్సు దూరంలో ఉన్న మగ్గాల ఊరు. బాపు ఒక సేటు షెడ్డులో పవర్‌లూం నడిపేవాడు. కూలి వారం వారం వచ్చేది. అవ్వ ఇంట్లో కండెలు చుట్టేది. మగ్గంలో అడ్డంగా పోయే నూలును చిన్న చిన్న కండెలకు రాట్నం మీద చుట్టి ఇవ్వాలి. రాత్రి పాళీకి కావలసిన కండెలు చీకటి పడకముందే షెడ్డుకు చేరాలి, లేకపోతే సేటు ఇంకో ఇంటికి నూలు ఇస్తాడు. అవ్వ అంగడికి పోతే రాట్నం ఎవరు తిప్పాలి? నేనే. అందుకే సోమవారం మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చిన నేను మళ్లీ బడి ముఖం చూసేదాన్ని కాదు.

అయిదు, ఆరు తరగతులు అట్లాగే గడిచాయి. ఏడో తరగతికి మాత్రం పెద్ద పరీక్ష. మా లెక్కల సారుకు ఏం బుద్ధి పుట్టిందో గానీ, ప్రతి కొత్త లెక్కా సోమవారం మధ్యాహ్నమే మొదలుపెట్టేవాడు. మంగళవారం పోయేసరికి తల లేదు, తోక ఉంది అన్నట్టుండేది నా పని. అడిగితే తిట్టేవాడు, అడగకపోతే కొట్టేవాడు. చివరికి ఒక సాయంత్రం ఆయనే మా ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, నీ బిడ్డకు లెక్కలు రావని కాదు. సోమారం బడికి వస్తలేదు. గిట్లనే ఉంటె ఏడు దాటది" అన్నాడు.

తప్పితే ఏమవుతుందో వాడంతటికీ తెలుసు. మగపిల్లవాడు తప్పితే మళ్లీ రాయిస్తారు. ఆడపిల్ల తప్పితే రాట్నం ముందు పీట వేస్తారు, ఇక ఆ పీట మీది నుంచి లేచేది పెళ్లికే. సారు పోయాక అవ్వ రాత్రి దాకా రాట్నం తిప్పుతూనే ఉంది.

అదే నెలలో తోటామె వచ్చింది. కాలువ కింద ఆమెకు, ఆమె భర్తకు చిన్న తోట ఉండేది. అంగడిలో కూర్చునే పని లేకుండా, డాక్టరు ఇంటికి, సేట్ల ఇళ్లకు వారానికో గంప నింపి తెచ్చి ఇచ్చేవాళ్లు. గంప తీసుకునే ఆఫీసరు ఒకాయనకు ఉట్నూర్ బదిలీ అయింది. ఆయన గంప మిగిలిపోయింది. దాన్ని పక్కన దించి, మా అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగుతూ ఆ సంగతి అవ్వకు చెప్పింది.

"గంప గంపనే అక్కా. తోటల ఏది కాస్తె గదే. ఏరుకునుడు లేదు, కొసరు లేదు. సోమారం పొద్దుగాల్నే మీ ఇంట్ల పెట్టిపోత."

ఏరుకోవడం లేదు, కొసరు లేదు అన్న మాటకు అవ్వ ఆమెను అరుగు దింపేస్తుందనుకున్నాను. పైగా ధర మా అంగడి ఖర్చుకు మూడింతలు. అవ్వ మాత్రం గంపలో చేయి పెట్టి అడుగుదాకా చూసి, "రేపు చెప్త" అంది.

రాత్రి అన్నాల దగ్గర బాపుకు చెప్పింది. మా బాపు మంచివాడే గానీ, ఖర్చు అనే మాట చెవిన పడితే ముద్ద మింగలేడు.

"అంబలి తాగెటోనికి మీసాలెత్తెటోడు ఒకడట. ఆఫీసరు తినే గంప మనకెందుకే?"

"నాకు గంప అక్కెర లేదు. సోమారం కావాలె" అంది అవ్వ. "నేను అంగడికి పోకుంటె పొద్దుమీకె దాక కండెలు చుడ్త. పోరి బడికి పోతది. ఒక్క నెల సూద్దాం."

"నన్నడగకు. తర్వాత నాకు చెప్పకు" అని బాపు చేయి కడుక్కున్నాడు. మా ఇంట్లో దాన్ని ఒప్పుకోవడం కిందే లెక్కగట్టేవాళ్లం.

మొదటి వారం మేం చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అంగడి అలవాటు కొద్దీ ఇష్టమైనవి ముందు వండుకున్నాం. బెండకాయ, వంకాయ రెండు రోజుల్లో అయిపోయాయి. పిల్లలకని వేసిన సీతాఫలాలు ఆ సాయంత్రానికే గింజలయ్యాయి. ఆకుకూరలన్నీ తర్వాత చూద్దామని మూలకు పెట్టాం. గురువారానికి పాలకూర, తోటకూర కుళ్లిపోయాయి. అవ్వ వాటిని ఎత్తి పక్కింటి బర్రెకు వేస్తుండగా బాపు చూశాడు.

"ఆఫీసరు పోయిండు, బర్రె దొరికింది" అన్నాడు. అవ్వ ముఖం మాడిపోయింది. నాకు బాపు మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ గంప పోతే నా సోమవారం పోయినట్టే.

మర్నాడే అవ్వకు ఉపాయం తట్టింది. దసరాకు మా వాడలో కొన్ని ఇళ్లవాళ్లు కలిసి ఒక మేకను కొని, కోసి, మాంసాన్ని సమానంగా పోగులు వేస్తారు. ఏ పోగు ఎవరిదో తేల్చడానికి ఒకరు వీపు తిప్పి నిలబడతారు. ఇంకొకరు ఒక పోగు మీద వేలు పెట్టి "గిదెవరికి?" అంటారు. వీపు తిప్పినవాళ్లు చూడకుండా ఒక ఇంటి పేరు చెప్పాలి. నీది మంచిది, నాది చెడ్డది అనే పేచీ ఉండదు. గంపనూ అట్లాగే పంచుకుందామని అవ్వ చిన్నమ్మ దగ్గరకు, ఎదురింటి వదిన దగ్గరకు పోయింది.

చిన్నమ్మ పడీపడీ నవ్వింది. "పాలకూరల కార్జం ఎవరికస్తదక్కా?" అంది.

"నవ్వు, నవ్వు. నీ పోరి సుత సోమారం బడికి పోతలేదు గద. మూడిండ్లోళ్లం పంచుకుంటె ఒక్కొక్కరికి అంగడి ఖర్చే పడుతది. మనం ముగ్గురం ఇంట్లుంటం, ముగ్గురు పోరీలు బడిలుంటరు" అంది అవ్వ. చిన్నమ్మ నవ్వు ఆగిపోయింది.

ఆ తర్వాతి సోమవారం గంప వచ్చింది. పైన కూర్చుని ఉంది ఒక పెద్ద గుమ్మడికాయ. ముగ్గురు ఆడవాళ్లూ దాని చుట్టూ చేరి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నిండు గుమ్మడికాయను ఆడవాళ్లు పగలగొట్టకూడదు. మొదటి వేటు మగవాడే వేయాలి. మూడిళ్ల మగవాళ్లూ షెడ్డులో ఉన్నారు. గంపలో సగం విలువ ఆ కాయదే, అది తెగకుండా పోగులు పడవు. అవతల మూడు రాట్నాలు ఆగిపోయి ఉన్నాయి.

అవ్వ కొంగు నడుముకు చుట్టి నేరుగా షెడ్డుకు నడిచింది. మగ్గాల చప్పుడులో మాట వినపడదు. చేతులతో గుమ్మడికాయను చూపించి, కత్తిని చూపించి, బాపును వెంటబెట్టుకుని వచ్చింది. తల నిండా దూది నూగుతో, వాడంతా చూస్తుండగా బాపు వచ్చాడు. నన్నడగకు అన్న మనిషి కత్తి అందుకుని ఒక్క వేటు వేశాడు. పోబోతుంటే చిన్నమ్మ వదల్లేదు.

"బావా, ఎట్లాగూ వచ్చినవ్ గద. జర వీపు తిప్పి నిలవడు."

విధిలేక నిలబడ్డాడు. గోడ వైపు తిరిగి ఇళ్ల పేర్లు చెప్పాడు. అంతా అయ్యాక ఇటు తిరిగి చూసి, "ఆగుండ్రి. గా నడిమి పోగుల బీరకాయలు తక్కువున్నయ్" అని వంగి తానే సర్దాడు. ఆ రోజు నుంచి ఆయన నోట అది మన గంప అయింది. అంతకుముందు వరకు మీ గంప.

అంగడిలో అదే డబ్బుకు అవ్వ ఇంకా ఎక్కువే తెచ్చేది. ఆ తక్కువను ఆమె తన చేతులతో పూడ్చింది. ఆకుకూరలు మొదటి రెండు రోజులు, బెండ, బీర నడుమ, సొర, గుమ్మడి చివరకు. బీరపొట్టు తొక్కుపచ్చడి అయింది, గుమ్మడి గింజలు వేయించి మాకు పెట్టేది, మిగిలిన కాకరకాయలు కోసి ఎండబెట్టి ఒరుగులు చేసేది. కొసరు పోయింది గనుక పగిలిన కుండలో కొత్తిమీర చల్లింది. ఇంత తెలివి ఆమె ఎక్కడ దాచుకుందో అని నేను ఆశ్చర్యపోయేదాన్ని. ఇప్పటికీ కూరగాయల సంచి పట్టుకుంటే నాకు ఆమె ముందు చిన్నతనమే.

ఆమె పోగొట్టుకున్నది ఒకటి మాత్రం నేను చూశాను. అంగడి ఆమెకు ఒక్కతే తిరిగే చోటు, నలుగురూ ఆమె మాటకు నవ్వే చోటు. సోమవారం సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి రాట్నం తిప్పుతూనే వీధిలో అంగడికి పోయేవాళ్ల మాటలు వినేది. ఒకసారి అడిగాను, "అవ్వా, అంగడికి పోబుద్ధి అయితలేదా?" అని. "అయితది. ఎందుకు కాదు" అంది. ఇంకో కండె అందుకుంది.

నేను ఏడు పాసయ్యాను. లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. సారు వచ్చి బాపుకు చెప్పిపోయాడు. ఆ రాత్రి బాపు సంతోషంగానే అన్నాడు.

"ఏడు పాసయింది. ఆడివిల్లకు గింత చదువు సాలు. ఇగ గంప బందువెట్టు, అంగడిలనే కొనుక్కుందాం."

అవ్వ వాదించలేదు. "సోమారం అంగడికి పోయి ధరలు సూసొస్త. అంగడి నయమైతె అంగడే, గంప నయమైతె గంపనే, పోరి బడికే" అంది. బాపు సరేనన్నాడు. ధర విషయంలో అవ్వ మాట వాడంతటికీ వేదం.

నన్నూ వెంట తీసుకుపోయింది. ఆ ఎండాకాలం కాలువ కింద అందరూ దోస, బీర పెట్టినట్టున్నారు, అంగడి నిండా కుప్పలు పోసి ఉన్నాయి. అవ్వ ఒక్కొక్కరి ముందు కూర్చుని ధర అడిగింది. పాతవాళ్లు "ఎన్నొద్దులాయె అక్కా నిన్ను సూసి" అని సగానికే ఇస్తామన్నారు. నేను మనసులో లెక్క కడుతూ నడిచాను. మా పోగుకు ఇచ్చే డబ్బుకు ఇక్కడ రెండు పోగులు వస్తాయి. అవ్వ ఏమీ కొనలేదు. ఖాళీ సంచితోనే ఇంటిదారి పట్టింది.

ఇంటికి వచ్చేసరికి బాపు అరుగు మీద ఉన్నాడు. "ఏమాయె?" అన్నాడు.

అవ్వ కాళ్లు కడుక్కుంటూ తల ఎత్తకుండానే చెప్పింది. "మస్తు పిరమున్నయ్. ముట్టుకునేటట్టు లేదు. గంపనే నయం. కావల్నంటె నీ బిడ్డను అడుగు, లెక్కలు దానికే వస్తయి గద."

బాపు నా వైపు తిరిగాడు. జన్మలో ధర అబద్ధం చెప్పని మనిషి చెంబు పట్టుకుని నా ముఖమే చూస్తోంది.

"గంపనే నయం బాపూ" అన్నాను.

జూన్‌లో నన్ను ఎనిమిదో తరగతిలో చేర్పించడానికి అవ్వే బడికి వచ్చింది. ఆ రోజు సోమవారం.