బెండకాయకు షుగర్ టెస్టు

మా బాపు పాముకు భయపడడు. సుల్తానాబాద్‌లో మా పొలం గట్ల మీద ఎన్నిటిని కట్టెతో పక్కకు తోలాడో. సూది కనబడితే మాత్రం మాయమైపోతాడు. అట్లాంటి మనిషికి షుగర్ వచ్చింది. రోజూ వేలు గుచ్చి చూసుకోవాలని కరీంనగర్ డాక్టర్ చెప్పిన నాటి నుంచి, పొద్దున లేస్తే ఆయన్ని వెతకడమే నాకూ అవ్వకూ పని. మా దగ్గర బాపంటే నాన్న, అవ్వంటే అమ్మ. ఒకసారి గొడ్ల కొట్టంలో దొరికాడు. ఇంకోసారి ప్రార్థనలో ఉన్నానని ఎంతసేపటికీ కళ్లు తెరవలేదు.

అప్పుడు ఆయనకు ఫోన్‌లో ఒక మిషన్ కనబడింది. సూది లేదు, రక్తం లేదు. వేలికి తగిలిస్తే ఎర్ర లైటు వేసి షుగర్ ఎంతో చెప్పేస్తుందట. లైటుతో ఆక్సిజన్ తెలుస్తుంది, కరోనా అప్పుడు చూశాం గదా, షుగర్‌కు అట్లాంటి నమ్మకమైన మిషన్ ఇంకా రాలేదు అని నేనంటే, "నీది పాత చదువు బిడ్డా" అన్నాడు.

మిషన్ వచ్చింది. మొదటిరోజు తొంభై ఎనిమిది, మర్నాడు తొంభై ఏడు. పరీక్ష పాసైన పిల్లగాడిలా వాడకట్టంతా తిరిగి చెప్పుకున్నాడు. డాక్టర్ రాసిచ్చిన గోలీలు మానేశాడు, చాయ్‌లో చక్కెర మళ్లీ మొదలైంది. అంతటితో ఆగినా బాగుండేది. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెబుతానని పాస్టరు అయ్యగారికి మాటిచ్చి వచ్చాడు. మా సంఘంలో దేవుడు చేసిన మేలును అందరి ముందు లేచి నిలబడి చెప్పడం ఆనవాయితీ. స్వస్థత అయ్యిందని ఒక్కసారి అక్కడ చెప్పాడంటే ఇక చచ్చినా గోలీ ముట్టడు, మాట పోతుంది గదా. మా పెద్దబాపు కాలు ఈ షుగర్‌తోనే తీసేశారు. నాకు నిజంగా భయం వేసింది.

శనివారం సాయంత్రం అవ్వ కూరకు బెండకాయలు కోస్తోంది. బాపు పక్కనే మంచం మీద కూర్చుని, వేలికి మిషన్ పెట్టుకుని రేపటి సాక్ష్యం వల్లె వేస్తున్నాడు. అవ్వ కత్తి పక్కన పెట్టింది. మిషన్ ఆయన వేలి నుంచి పీకి ఒక లేత బెండకాయకు తగిలించింది. లైటు వెలిగింది. మిషన్ కాసేపు ఆలోచించింది. తొంభై ఏడు.

"దీనికి గూడ షుగర్ తగ్గింది. రేపు దీన్ని గూడ తోల్కపో, సాక్ష్యం చెప్తది" అన్నది అవ్వ.

నాకు నవ్వు ఆగలేదు. బాపు నవ్వలేదు. ముదురు బెండకాయ ఒకటి ఏరి దానికీ పెట్టి చూశాడు. తొంభై ఎనిమిది. మిషన్ పక్కన పడేసి, కళ్లు మూసుకుని, వేలు నా ముందు చాపాడు.

"గుచ్చు బిడ్డా. చెప్పకుంట గుచ్చు."

రెండు వందల ఎనభై దాటింది. అంకె చూసి గోలీల డబ్బా తెమ్మన్నాడు.

మాటిచ్చాడు కాబట్టి ఆదివారం లేవక తప్పలేదు. "దేవుడు నన్ను బెండకాయతోని కాపాడిండు" అని, మిగతాది చెప్పకుండానే కూర్చుండిపోయాడు. సంఘమంతా స్తోత్రం అన్నది. ఎట్లా కాపాడిందని ఒక్కరూ అడగలేదు. బెండకాయ నానబెట్టిన నీళ్లు తాగితే షుగర్ పోతుందని మా దగ్గర ముందే ఒక నమ్మకం ఉంది, ఇప్పుడు దానికి సాక్షి కూడా దొరికాడు. మధ్యాహ్నానికి మార్కెట్లో బెండకాయ కరువైంది.

ఆ తర్వాతి ఆదివారం ముందు వరసలో కూర్చునే ముసలమ్మ లేచింది. బెండకాయ నీళ్లతో తన షుగర్ పోయిందని, గోలీలు పారేశానని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. బాపు అనలేదు. ఆరాధన అయ్యాక ఆమె చెప్పులు వెతుక్కుంటుంటే ఎదురుగా పోయి నిలబడి, అంగీ జేబులోంచి సూదుల డబ్బా తీశాడు.

"జర వేలు చూపియ్యి చిన్నవ్వా."

ఆమె చెయ్యి కొంగులో దాచుకుంది. "నాకు సూదంటె భయం కొడుకా."

"నాకంటెనా?" అన్నాడు బాపు. ముందు తన వేలే గుచ్చుకున్నాడు, కళ్లు తెరిచి.