నాన్న పక్కన రెండో కంచం

మా ఇంట్లో ఆడాళ్ళందరిదీ ఒకటే ఒళ్ళు. గుండ్రటి భుజాలు, బరువైన చేతులు, కూర్చుని లేస్తే కలుక్కుమనే మోకాళ్ళు. నానమ్మ అలాగే ఉండేది. నాన్నకి అక్క, మొగుడొదిలేస్తే మా రైల్వే క్వార్టర్‌కే వచ్చేసిన మా అత్తా అంతే. పెళ్ళినాటికి చీపురుపుల్లలా ఉండేదని అందరూ చెప్పే మా అమ్మ కూడా చివరికి అందులోనే కలిసిపోయింది. బిలాస్‌పూర్ స్టేషన్లో మెట్ల వంతెన ఎక్కేటప్పుడు అత్త మధ్యలో ఆగి, కమ్మీ పట్టుకుని, కింద బళ్ళని చూస్తున్నట్టు నటించేది. నాకు ఒళ్ళు మండిపోయేది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ బళ్ళ మధ్యనే ఉన్న మనిషికి కొత్తగా చూడ్డానికేటుంది? ఆయాసమొస్తోంది, కాసేపాగుదాం అంటే సరిపోదా!

నేను కాలేజీలో చేరిన ఏడు నా జాకెట్లూ బిగుసుకోవడం మొదలెట్టేయి. తార్‌బహార్‌లో మాకు బట్టలు కుట్టే ఆవిడ నా చుట్టూ టేపు తిప్పి, అచ్చం మీ అత్త కొలతలే అని నవ్వింది. పాపం మెచ్చుకోలుగానే అంది. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

అత్తకి అప్పటికే సుగరు. ఎడమకాలి వేలికి పుండు పడి ఎంతకీ మానకపోతే నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళేను. డాక్టరమ్మ కాలు చూసింది, మందులు రాసింది, అన్నం బాగా తగ్గించమంది. తర్వాత తలెత్తి నన్ను ఎగాదిగా చూసి, ఇంట్లో ఇంకా ఎవరెవరు లావు అని హిందీలో అడిగింది. చెప్పేను. అచ్ఛా, ఇది మీ కుటుంబంలోనే ఉంది, ఇప్పట్నించే జాగ్రత్తపడితే నయం, లేకపోతే రేపు ఈ బల్ల మీద నువ్వే కాలు పెట్టుకుని కూర్చోవలసొస్తుంది అంది. ఆవిడ రోజూ పదిమందికి చెప్పే మాటే అయ్యుంటుంది. నా చూపు మాత్రం నా కాళ్ళ మీదికే పోయింది. పక్కన అత్త తన తప్పేదో బయటపడ్డట్టు తలొంచుకుంది.

ఇక నాకు కుదురు లేదు. పుస్తకం తెరిస్తే అదే, అద్దం ముందు నిలబడితే అదే. ఇది రక్తంలో ఉందంటే మరి అమ్మ సంగతేటి? అమ్మ శ్రీకాకుళం అవతల ఏదో ఊరి పిల్ల. ఈ ఇంటి రక్తం కాదు కదా. అలా గింజుకోగా గింజుకోగా నాకు రెండో కంచం గుర్తొచ్చింది.

మా తాత బొగ్గింజను మీద ఫైర్‌మన్. నాన్న గూడ్సుబండి డ్రైవరు. డ్యూటీకి వేళాపాళా ఉండదు. మిట్టమధ్యాహ్నం రావచ్చు, టీ వేళకి రావచ్చు. ఎప్పుడొచ్చినా, ఎప్పుడు బయల్దేరినా వేడన్నం, ఆవపెట్టిన కూర, చారు. ఇంతవరకూ చుట్టుపక్కల అన్ని క్వార్టర్లలోనూ ఉన్నదే. మా ఇంట్లో ఇంకోటుండేది. బండెక్కే మనిషిని ఒంటరిగా తిననివ్వకూడదు. అలాగని పక్కన ఒట్టి చేతుల్తో కూర్చుని చూడనూకూడదు, దిష్టి తగులుతుంది. దిష్టి తగిలిన తిండి తిని ఇంజనెక్కితే ఏటవుతుందని అడిగితే నానమ్మ కళ్ళు మూసుకుని దండం పెట్టేది. అంచేత ఎవరో ఒకరు కంచం పెట్టుకుని ఆయనతో తినవలసిందే, తమ భోజనం ఎప్పుడో అయిపోయినా సరే. తాత నాటినించీ ఇంతే, ముందు నానమ్మ, తర్వాత అత్త, అమ్మ, ఈమధ్య నేను. రెండు ముద్దలే అనుకుని కూర్చుంటాం. నాన్న దారిలో ఎక్కడ ఏనుగులు అడ్డమొచ్చేయో, ఏ స్టేషన్లో ఎవరితో దెబ్బలాడేడో చెబుతూంటే ముద్దలెవరు చూసుకుంటారు? ఇంట్లో సన్నగా ఉన్నది నాన్న ఒక్కడే. ఆయనకి పూటకి ఒక్క భోజనమే మరి.

అమ్మతో దెబ్బలాటకి దిగేను. రక్తం ఒక్కటే కాదు, ఈ అన్నం కూడా మనల్ని తినేస్తోంది, మానేద్దాం అన్నాను. ఆయన బండి క్షేమంగా తిరిగొస్తే చాలు, నా నడుం సంగతి నాకక్కర్లేదు అంది అమ్మ. ఆవిడతో ఏటి వాదిస్తాం!

ఆ మాటలు అత్త విన్నట్టుంది. తర్వాత నాన్న డ్యూటీ నుంచొచ్చినప్పుడు, కంచం ముందు మొహం మాడ్చుకుని కూర్చున్న నా దగ్గరికి కుంటుకుంటూ వచ్చి, భుజం మీద తట్టింది.

"లెగవే గుంటా. నా ఒళ్ళు ఎలాగా చెడింది. నేను కూకుంటాను."

లేచిపోయేను. జైలు గేటు తీసినట్టనిపించింది. అప్పట్నించీ నాన్న వచ్చే వేళకి లాల్‌ఖదాన్ వేపు పట్టాల పక్కన నడకకి పోయేదాన్ని, చెమటతో జాకెట్టు తడిసిపోయేదాకా. జాకెట్లు వదులయ్యేయి. అత్త పుండు మాత్రం మానలేదు. డాక్టరమ్మ తగ్గించమన్న అన్నం, నా వంతుది కూడా కలిపి అత్తే తినేది. వద్దత్తా అంటే, నువ్వు నడకకి బేగి పో, అనేది. ఆ వానాకాలంలోనే ఎడమకాలి వేళ్ళు తీసేసేరు.

అత్త కాలికి కట్టుతో ఇంటికొచ్చి ముందుగదిలో మంచం మీద పడుకుని ఉంది. అమ్మ లింగియాడీహ్‌లో ఎవరింటికో పేరంటానికెళ్ళింది. నాన్న డ్యూటీకి బయల్దేరుతున్నాడు. అన్నం వడ్డించి, పక్కనే కూర్చున్నాను, ఒట్టి చేతుల్తో. దిష్టీ లేదు, గిష్టీ లేదు, దీనికి ఈవేళతో సరి అనుకున్నాను. నాన్న నా చేతులకేసి చూసేడు. గబగబా నాలుగు ముద్దలు తిని, లేచి, పెట్టె పట్టుకుని వెళ్ళిపోయేడు.

మర్నాడు పొద్దున్న రావలసిన మనిషి పదైనా రాలేదు. గూడ్సు కదా, సిగ్నలు దొరక్క ఎక్కడో ఆగుంటుందని పక్కింటివాళ్ళన్నారు. నాకూ తెలుసు, ఎప్పుడూ అయ్యేదే. అయినా ప్రతి కూతకీ గుమ్మంలోకి పరిగెట్టేను. నా చేతులు చూసుకుంటే నాకే భయమేసింది. ఇంత చదివి, ఇన్ని మాట్లాడి, లోపల ఉన్నది నానమ్మేనా? నానమ్మలాగే దండం కూడా పెట్టేను.

ఒంటిగంట దాటేక వచ్చేడు. చొక్కా నిండా మసి, మొహం నిండా నవ్వు. ముందు బండి ఇంజను చెడిపోతే వెనక కూర్చుండిపోయేం, అంతే అన్నాడు. అమ్మ అన్నం వడ్డించింది. నాకెవరూ చెప్పలేదు. నేనే ఇంకో కంచం తెచ్చుకున్నాను. మొదటి ముద్ద ప్రాణం లేచొచ్చి తిన్నాను. తర్వాతవి ఎందుకు తింటున్నానో కూడా తెలీలేదు. మారు కూడా వడ్డించుకున్నాను.

నాన్న చెయ్యి కడుక్కోడానికి లేచేక చూస్తే, మంచం మీంచి అత్త నాకేసే చూస్తోంది. తిడుతుందనుకున్నాను. నాకోసం కాలివేళ్ళు పోగొట్టుకున్న మనిషి, తిట్టే హక్కుంది.

"తినమ్మా," అంది మెల్లిగా. "మా నాన్న పక్కన నేనూ ఓపాలి ఒట్టి చేతుల్తో కూకున్నాను. ఆ రోజూ బండి ఆలస్యమే."

అని, గోడ వేపు తిరిగి పడుకుంది.