మైకత్తయ్య గుసగుస

బస్టాండులో కూర్చుని బస్సుల రాకపోకలు మైకులో చెప్పడం ఆవిడ ఉద్యోగం. అసలు పేరు పింఛను కాగితాల్లో తప్ప ఇంకెక్కడా లేదు. వీధి వీధంతటికీ మైకత్తయ్యే. ఆవిడ వాకిట్లో నిలబడి పాలవాణ్ణి పిలిస్తే పక్క వీధి పాలవాడు కూడా సైకిలు ఆపేవాడు. "మెల్లిగా మాట్లాడవే, నీ పక్కనే ఉన్నాను, ప్లాట్‌ఫారం మీద లేను" అని మొగుడు పెళ్లయిన నాటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు.

ఇంత గొంతూ ఉండి ఆవిడకి ఒకటే కడుపుమంట. ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో, ఎప్పుడు కదులుతుందో గొంతు చించుకుని చెప్పి, మైకు కట్టేసి, మంచినీళ్ల గ్లాసు అందుకునేలోగా ఎవరో ఒకరు కిటికీలోంచి తల దూర్చేవారు. "ఇంతకీ బస్సు ఎప్పుడమ్మా?" అని అడిగేవారు. ఒకరోజు కాదు, ఒకరు కాదు. ఉద్యోగంలో చేరిన రోజు మొదలు దిగిపోయిన రోజు దాకా ఇదే వరస. పైగా రిటైరయ్యాక ఇంకో అన్యాయం జరిగింది. ఆవిడ మాటల్ని ముందే రికార్డు చేసి పెట్టుకున్న బస్టాండువాళ్లు వాటినే వాడుకోవడం మొదలుపెట్టారు.

"నా గొంతుకి ఇంకా ఉద్యోగం ఉందిట, నాకే లేదుట" అని మైకత్తయ్య మూతి ముడుచుకుని ఇంట్లో కూర్చుంది.

ఆ మూతి చూడలేక ఆడపడుచు రంగంలోకి దిగింది. ఈవిడా లెక్కల టీచరుగా రిటైరయింది. పరాయి దేశంలో ఒక బీదబడిలో జీతం లేకుండా కొన్నాళ్లు పాఠాలు చెప్పడానికి ఒప్పుకుంది.

"తోడు రా వదినా. నాకింత వండిపెట్టి, నాలుగు చోట్లు చూసి వద్దువుగాని."

"అంటే ఆడపడుచుకి చాకిరీ చెయ్యడానికి విమానం ఎక్కాలన్నమాట" అని మైకత్తయ్య గొణిగింది. ఆ గొణుగుడు నాలుగిళ్ల వాళ్లు విన్నారు. మర్నాటికల్లా పెట్టె మాత్రం సర్దేసింది.

బడి అంటే ఒక పొడుగాటి రేకుల షెడ్డు. మూడు గోడలకి మూడు నల్లబల్లలు, వాటి ముందు మూడు తరగతులు. మధ్యలో అడ్డుగోడ కాదు కదా, ఒక గుడ్డ తెర కూడా లేదు. ఒక తరగతి కూడికలు చేస్తుంటే పక్క తరగతి పద్యం వల్లించేది, మూడోది రెండూ వింటూ ఏదీ నేర్చుకునేది కాదు. ఈ సంతలో పై తరగతికి చెప్పే మాస్టారిది మరీ మెత్తని గొంతు. ఆయన పాఠం రెండో వరస దాకా వెళ్లి అక్కడే అలిసిపోయేది. మన వదినా మరదళ్లు ఆయనకి నెమ్మది మాస్టారని పేరు పెట్టేశారు.

వచ్చిన వారానికే ఆడపడుచు గొంతు బొంగురుపోయింది. ఆ రోజే వాన కూడా పట్టుకుంది. రేకుల మీద వాన పడుతుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడటం లేదు. మూలన కూర్చుని చూస్తున్న మైకత్తయ్యకి చేతులు దురద పెట్టాయి. లేచి నల్లబల్ల ముందు నిలబడి, అరచేతిని నోటికి అడ్డం పెట్టుకుని, అలవాటు కొద్దీ ఫూ ఫూ అని ఊదింది.

"దయచేసి గమనించండి! ఏడు ఎనిమిదులు యాభై ఆరు, నాలుగో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది!"

అంకెలు ఆ బడి భాష ఇంగ్లీషులో, మిగతాది తెలుగులో. వాన ఓడిపోయింది. పిల్లలు గుడ్లప్పగించి చూసి, ఆ తర్వాత కేరింతలు కొట్టి, తామూ ఫూ ఫూ అని ఊది, ఏడో ఎక్కాన్ని ప్లాట్‌ఫారం ప్లాట్‌ఫారంగా అప్పజెప్పారు. కిటికీ దగ్గరికి వచ్చి ఇంతకీ ఎప్పుడని అడిగినవాడు ఒక్కడూ లేడు. పుట్టి బుద్ధెరిగాక తన మాట చెప్పిన మొదటిసారే విన్నవాళ్లు వీళ్లే. మైకత్తయ్యకి ఎంత సంతోషం వేసిందంటే, ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. ఆడపడుచు గొంతు బాగుపడ్డాక కూడా నల్లబల్ల వదిలిపెట్టలేదు.

పక్క తరగతులు కూడా ఆవిడ చేతికి వచ్చేశాయి. నెమ్మది మాస్టారు పెదవులు కదుపుతుంటే ఆయన పిల్లల చెవులన్నీ ఇటే ఉండేవి. మైకత్తయ్య అది చూసి లోపల్లోపల మురిసిపోయింది. ఇంకాస్త గొంతు పెంచింది కూడా, దాచడం ఎందుకు!

ఒకరోజు హెడ్ టీచరమ్మ వదినా మరదళ్లిద్దరినీ పిలిచి ఒక జవాబు పత్రం చూపించింది. పై తరగతికి నమూనా పరీక్ష పెట్టారు. మీ నది ఎక్కడ పుట్టింది అన్న ప్రశ్నకి సగం తరగతి నాలుగో నంబరు ప్లాట్‌ఫారం అని రాసింది.

మైకత్తయ్య ఫక్కున నవ్వబోయి, హెడ్ టీచరమ్మ మొహం చూసి ఆగిపోయింది.

"అసలు పరీక్ష గట్టెక్కితేనే పట్నం పెద్దబడిలో సీటు. లేకపోతే ఈ పిల్లల చదువు ఇక్కడితో సరి" అందావిడ. "రేపటి నుంచి మీ పాఠం గుసగుసగా చెప్పండి. అది మీ వల్ల కాకపోతే ఇంట్లోనే ఉండండి. మాస్టారిని బాధపెట్టలేను."

ఆ సాయంత్రం గదిలో ఆడపడుచు దగ్గరుండి గుసగుస నేర్పింది. "మా అన్నయ్య జన్మంతా చెప్పినా తగ్గని గొంతు ఒక్క పూటలో తగ్గాలి, కానీ వదినా." మైకత్తయ్య ఊపిరి బిగబట్టి గుసగుసలాడింది. పక్క గదిలో ఉండే దర్జీ తలుపు తట్టి, నన్ను పిలిచారా అని అడిగాడు. ఆడపడుచు కడుపు చెక్కలయ్యేలా నవ్వింది గానీ మైకత్తయ్యకి నవ్వు రాలేదు. దొరక్క దొరక్క దొరికిన వినేవాళ్లు చేజారిపోతున్నారు.

మర్నాడు నల్లబల్ల ముందు నిలబడి, రహస్యం చెబుతున్నట్టు, "దయచేసి గమనించండి" అంది. పిల్లలు ముందుకి వంగారు. వినపడక ఒకరినొకరు ష్ ష్ అని గదమాయించుకున్నారు. ఏదో తమకి తెలియనిది జరుగుతోందని పక్క తరగతి కూడా నోరు మూసుకుంది, ఆపైన మూడోదీ. షెడ్డంతా చడీచప్పుడూ లేదు.

ఆ నిశ్శబ్దంలో నెమ్మది మాస్టారి గొంతు మొదటిసారి చివరి వరస దాకా వెళ్లింది. ఆయన ఈవిడకీ అర్థమయ్యే తేలిక ఇంగ్లీషులో నది గురించి చెబుతున్నాడు. బడి వెనక కొండ మీద, మేకలు కూడా దాటేయగల సన్నటి పాయగా అది ఎలా మొదలవుతుందో చెబుతున్నాడు. మైకత్తయ్య పిల్లల చెవులన్నీ అటు తిరిగిపోయాయి. ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది. అరిచి వెనక్కి లాక్కుందామని నోరు తెరిచి, ఆ నది పట్నం చేరేదాకా తెరిచిన నోరు మూయకుండా తనే విన్నది. చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. ఎవరూ వినరని ఇన్నేళ్లు ఊరంతా ఏకరువు పెట్టానే, నేనెప్పుడైనా ఎవరి మాటైనా విన్నానా అనిపించి సిగ్గేసింది.

సిగ్గు ఒక్కపూటే. రెండో పూటకి ఆవిడ మాస్టారితో ఒప్పందం కుదుర్చుకుంది. ఆయన తరగతిలో గోల రేగినప్పుడు ఆయన వేలు పైకెత్తాలి. వెంటనే ఈవిడ ఇటు గుసగుస మొదలుపెడుతుంది. షెడ్డు చెవులు రిక్కిస్తుంది. ఆ మౌనాన్ని ఆయన కాజేసి తన పాఠం నడుపుకుంటాడు. ఇద్దరూ దొంగల్లా వేళ్లతో సైగలు చేసుకుంటుంటే హెడ్ టీచరమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. తర్వాతి నమూనా పరీక్షలో నది మళ్లీ కొండ మీదే పుట్టింది.

అసలు పరీక్ష రోజూ వీళ్ల తిరుగు ప్రయాణమూ ఒకటే అయ్యాయి. గేటు ముందు వ్యాను వచ్చి ఆగింది. హెడ్ టీచరమ్మ నవ్వుతూ, ఈ ఒక్కసారికీ మీ గొంతు మీ ఇష్టం అంది.

మైకత్తయ్య అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. బడి బడంతా తనతో పాటు ఫూ ఫూ అని ఊదింది.

"దయచేసి గమనించండి! పట్నం పెద్దబడి పరీక్షకు పోవు వ్యాను గేటు ముందు సిద్ధంగా ఉన్నది! ప్రయాణికులు తమ పెన్సిళ్లు సరిచూసుకోగలరు! ఇదే వ్యానులో ఒక వదినా ఒక ఆడపడుచూ తమ ఊరు బయల్దేరుచున్నారు!"

పిల్లలు ఎక్కారు. ఆడపడుచు ఎక్కింది. మైకత్తయ్య కిటికీ పక్కన కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఎక్కబోతున్న నెమ్మది మాస్టారు ఆగి, చుట్టూ తిరిగి వచ్చి, ఆ కిటికీలోంచి తల దూర్చాడు. పుల్లలు ఏరుకున్నట్టు ఒక్కొక్క మాటా ఏరుకుంటూ, తెలుగులో, తన మెత్తని గొంతుతో అడిగాడు.

"ఇంతకీ... తిరిగొచ్చే బస్సు... ఎప్పుడమ్మా?"

ఈ ముక్క నేర్పింది నువ్వేనా అన్నట్టు మైకత్తయ్య గిరుక్కున ఆడపడుచు వైపు తిరిగింది. ఆ మహాతల్లి అటువైపు కిటికీలోంచి మబ్బులు చూస్తోంది.

ఇన్నేళ్లూ ఆ ప్రశ్నకి విసుక్కుంటూ జవాబిచ్చిన మనిషికి ఈసారి విసుగు రాలేదు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మళ్లీ కళ్లు ఒత్తుకుని, ఒద్దిగ్గా, గుసగుసగా అంది.

"చెబుతాను, ముందు ఎక్కండి మాస్టారూ."

వెనక సీటు దాకా అందరికీ వినపడింది.