ఆపేసిన లైన్లో కరెంటు

2022 వేసవి. భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మధ్య కరెంటు లైన్లు చూసే ఇంజనీరుగా ఉన్నాను. ఒక మధ్యాహ్నం గాలివానకు స్తంభం ఒరిగి పదకొండు వేల వోల్టుల తీగ తెగింది. తెగిన చోటికి అవతల ఉన్నది సత్తిరాజు గారి చెరువుల ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే.

నీటికి గాలి అందించే ఏరియేటర్లను ఇక్కడ ఫ్యాన్లంటారు. అవి ఆగితే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి.

"ఏవయ్యా సూరిబాబూ, ఇంకెంతసేపు? సరుకంతా పోయేలా ఉంది," అన్నారు సత్తిరాజు గారు.

"ఆయ్, అయిపోతుందండి. మీరలా గుడ్లప్పగించి చూస్తుంటే తీగ సిగ్గుపడుతోందండి. ఎళ్ళి టీ తాగి రండి," అన్నాడు మా లైన్‌మన్ సూరిబాబు. ఆయన వెళ్ళారు.

అప్పటికే లైన్ క్లియర్ తీసుకున్నాం. అంటే సబ్‌స్టేషన్లో సరఫరా ఆపేశారు, మేము చెప్పేదాకా ఇవ్వరు. సబ్‌స్టేషన్ వైపు తీగకు సూరిబాబు ఎర్త్ రాడ్ తగిలించాడు. పొరపాటున కరెంటు వచ్చినా ఆ రాడ్ గుండా భూమిలోకి పోతుంది. అవతలి కొసకు తగిలించే అలవాటు మా సెక్షన్లో ఎవరికీ లేదు. కరెంటు వచ్చేది సబ్‌స్టేషన్ నుంచే కదా అనుకునేవాళ్ళం.

ఆ అవతలి కొస పట్టుకోగానే సూరిబాబు స్తంభం మీదే వాలిపోయాడు. నడుముకున్న బెల్టు అతన్ని కింద పడనివ్వలేదు. దించేసరికే ప్రాణం లేదు.

లైన్ ఆపించకుండా ఎక్కాడని ఊళ్ళో మాట పుట్టింది. అతని భార్య మంగ నన్ను అడిగింది: "ఆపేశామన్నారు కదండి. ఆపిన లైన్లో కరెంటెక్కడిదండి? ఆయనే తొందరపడ్డాడంటున్నారు."

"తెలుసుకుని చెబుతానమ్మా," అన్నాను.

సత్తిరాజు గారి మోటారు షెడ్ దూరంగా, అవతలి గట్టు మీద ఉంది. వెళ్ళి చూస్తే, అక్కడ అద్దెకు తెచ్చిన జనరేటర్ వైర్లు నేరుగా మెయిన్ బోర్డుకే బిగించి ఉన్నాయి. లైన్‌నూ జనరేటర్‌నూ కలవనివ్వని చేంజోవర్ స్విచ్ ఎప్పుడో కాలిపోయిందట. బోర్డును లైన్‌తో కలిపే మెయిన్ స్విచ్ ఆన్‌లోనే ఉంది.

"నా ఫ్యాన్లు నేను తిప్పుకున్నానండి. అది నాలుగొందల వోల్టులే కదా. స్తంభం దాకా ఎలా వెళ్తుందండి?" అన్నారాయన.

"ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేస్తుందండి. పైనుంచి పదకొండు వేలొస్తే నాలుగొందలు చేస్తుంది. కిందనుంచి నాలుగొందలిస్తే పదకొండు వేలు చేస్తుంది."

ఆయన చెరువు వైపు చూశారు. "రొయ్యలు బతికాయండి," అన్నారు.

శక్తి పుట్టదు, నశించదు, రూపం మార్చుకుంటుందని బళ్ళో చదువుకున్నాం. డీజిల్లో ఉన్న రసాయన శక్తి ఇంజన్లో వేడి అయింది, చలనమైంది, ఆపైన విద్యుత్తయింది. కొంత ఫ్యాన్లను తిప్పింది. కొంత తీగ ఎక్కింది.

మంగ దగ్గరికి సత్తిరాజు గారు నాతో వచ్చారు. జరిగింది ఆయనే చెప్పారు. ఆమె తలెత్తి నన్ను చూసింది.

"అయితే మా ఆయన తప్పు చెయ్యలేదన్నమాట."

"లేదమ్మా."

"ఈ మాట బయట కూడా చెప్పండి," అంది. సత్తిరాజు గారు ఊళ్ళో నలుగురి ముందూ చెప్పారు.

సరఫరా ఆపడమంటే శక్తిని ఆపడం కాదని ఆ ఏడాది నేర్చుకున్నాను. ఇప్పుడు మా సెక్షన్లో తెగిన తీగకు రెండు కొసలా రాడ్ పడందే ఎవరూ చెయ్యి వెయ్యరు. కొత్తగా చేరినవాళ్ళు, "అటేముందండి, చెరువులే కదా," అంటారు. సూరిబాబు సంగతి చెబుతాను. మళ్ళీ అడగరు.